ఫైనల్ బొటనవేలు

"సరిగ్గా ఐదింటికి పోలీసులకి ఫోన్ చేస్తాను. ఆ తర్వాత మీరెంత పరిశోధన చేసుకున్నా నాకభ్యంతరం లేదు," అన్నాడు యజమాని.

గోడ గడియారంలో మూడు దాటింది. నత్త దాని వంక ఒకసారి చూసి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో నిదానంగా తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రైవేట్ డిటెక్టివ్‌గా పదేళ్ళ నుంచీ పని చేస్తున్నా అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ నిదానం చూసి పోలీసు మిత్రుడొకడు వేళాకోళంగా పెట్టిన పేరే స్థిరపడిపోయింది. మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే పలకడానికే ఆలస్యమవుతుంది.

కృత్రిమ చేతులు తయారు చేసే కంపెనీ అది. చెయ్యి పోయినవాళ్ళు మళ్ళీ గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగేలా, చొక్కా గుండీలు పెట్టుకునేలా ఒక కొత్త చెయ్యి కోసం మూడేళ్ళు కష్టపడ్డారు. తీరా బయటపెట్టే సమయానికి, ఈ సోమవారం, పోటీ కంపెనీవాళ్ళు అచ్చం అలాంటి చేతి బొమ్మతో రంగుల కరపత్రం వేసేశారు. మంగళవారం కంప్యూటర్ నేరాల నిపుణుడు దిగాడు. నిన్న సాయంత్రం డిజైనర్ అమ్మాయి సొరుగులోంచి ఒక పెన్ డ్రైవ్ బయటికి తీశాడు. అందులో చేతి డిజైన్ ఫోల్డర్ మొత్తం ఉంది. ఇవాళ పొద్దున్నే ఆ అమ్మాయి మెడలోంచి తలుపు కార్డు తీయించేశారు.

ఆ నిపుణుణ్ణి అందరూ ఎక్స్‌పర్టు అంటారు. తనను తాను కూడా అలాగే పరిచయం చేసుకుంటాడు. కిందటి కేసులో కష్టం నత్తది, పత్రికల్లో ఫొటో ఎక్స్‌పర్టుది. ఆ సంగతి నత్త మర్చిపోలేదు. మర్చిపోయినట్టు కనిపిస్తాడంతే.

"నత్తగారూ, మీరు శ్రమపడి రావడం సంతోషమే గానీ ఇందులో తేలాల్సిందేమీ లేదండీ," అన్నాడు ఎక్స్‌పర్టు లాప్‌టాప్ మూత తెరుస్తూ. "ఆరు వారాల కిందట, శుక్రవారం, భోజనాల వేళ. గదిలో ఎవరూ లేరు. ఈవిడ కార్డుతో తలుపు తెరుచుకుంది. ఈవిడ లాగిన్‌తో కంప్యూటర్ తెరుచుకుంది. ఇదే పెన్ డ్రైవ్ ఇరవై నిమిషాల పాటు పెట్టి ఉంది. అదంతా కంప్యూటరే రాసుకుంది. పెన్ డ్రైవ్ తీస్తే లోపల డిజైన్. ఇంక మిగిలింది బేడీలు."

"మీ తొందర మీకు కలిసొస్తుంది. నాకెప్పుడూ కలిసిరాలేదు," అని నత్త డిజైనర్ అమ్మాయి వైపు కుర్చీ తిప్పుకున్నాడు. "ఆ రోజు పెన్ డ్రైవ్ పెట్టిన మాట నిజమేనామ్మా?"

"నిజమేనండీ. మా అత్తయ్యగారి పాస్‌పోర్ట్ ఫొటో ప్రింట్ తీసుకోవడానికి పెట్టాను. ఆ ప్రింటర్ మొండికేస్తే ఇరవై నిమిషాలు పట్టింది." ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. "తర్వాత పెన్ డ్రైవ్ సొరుగులో పడేశాను. సోమవారం చూస్తే కనిపించలేదు. పోయిందనుకుని ఇంకోటి కొనుక్కున్నాను. నిన్న ఈయన అదే సొరుగులోంచి, పాత కాటలాగుల అడుగునుంచి తీశారు."

"కథలు బాగా అల్లుతోంది," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ చిన్న సార్. యజమానికి తమ్ముడు, అమ్మకాలు చూసుకునేవాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్ డ్రైవ్‌లు, నోట్లో ఎప్పుడూ ఒక నవ్వు ఉండే మనిషి. "అన్నయ్యా, ఇంత అన్నం పెట్టినందుకు బాగానే చేసింది మనకి."

యజమాని మూడేళ్ళుగా ఆ అమ్మాయిని కూతురిలా చూసుకున్నాడని ఆఫీసులో అందరూ చెప్పారు. అందుకే ఆయనకి కోపం కన్నా బాధ ఎక్కువగా ఉన్నట్టుంది.

"పోటీవాళ్ళ కరపత్రం ఈ అమ్మాయికి చూపించారా?" అడిగాడు నత్త.

"దొంగకి దొంగసొత్తు చూపించి మళ్ళీ మురిపించడమెందుకు?" అన్నాడు చిన్న సార్.

నత్త తలాడించాడు. అతన్ని ఈ పనికి పెట్టింది డిజైనర్ అమ్మాయి అత్తగారు. కోడలి తరఫున డబ్బు కట్టి డిటెక్టివ్‌ని పెట్టుకున్న అత్తగారిని అతను చూడటం ఇదే మొదటిసారి. ఇంతకు ముందు వచ్చిన అత్తగార్లందరూ కోడలి మీద నిఘా వేయమనే వచ్చారు. ఈవిడ మాత్రం, "ఆ ఫొటో అడిగింది నేను నాయనా. దాని మెడకి చుట్టుకున్న పాము నేను తెచ్చి వేసిందే. తీసెయ్," అంది. ఇప్పుడు కింద రిసెప్షన్‌లో, తలుపుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని ఉంది. అక్కడే కూర్చోమన్నది నత్తే. దానికొక కారణముంది.

మేడ మీదికి వస్తూ అతను ఆఫీసంతా ఒక చుట్టు చుట్టాడు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ రోజు ఏ పని జరుగుతుంది అని అడిగి తెలుసుకున్నాడు. అప్పుడే ఈ కంపెనీ అలవాటొకటి బయటపడింది. ప్రతి శుక్రవారం సర్వర్‌లో ఉన్నదంతా అరచేయంత డిస్కులోకి కాపీ చేస్తారు. చిన్న సార్ ఆ డిస్కును తోలు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, సోమవారం తిరిగి తెస్తాడు. పాత వర్క్‌షాపులో ఒకసారి నిప్పంటుకున్నప్పటి నుంచీ ఇది నడుస్తోంది. ఆఫీసు కాలినా డిజైన్ ఇంట్లో క్షేమంగా ఉంటుందని. ఇవాళ శుక్రవారం. పోలీసుల గొడవ ఉందని మధ్యాహ్నానికే కాపీ ముగించారు. డిస్కు చిన్న సార్ బల్ల మీద ఉంది.

నత్త జేబులోంచి ఒక కొత్త పెన్ డ్రైవ్ తీశాడు. ఎక్స్‌పర్టు దగ్గరున్నదానికి తోబుట్టువులా ఉంది.

"అదే కంపెనీది, అదే రకం. వస్తూ వస్తూ కొన్నాను. ఆ రోజు ఈ అమ్మాయి ఏం చేసిందని మీరంటున్నారో అదే ఇక్కడ, అదే కంప్యూటర్లో చేసి చూద్దాం."

"చూడ్డానికేముంది? ఫోల్డర్ పట్టుకుని లాగి ఇందులో వదిలితే కాపీ అవుతుంది. చిన్న పిల్లలకి కూడా తెలుసు," అన్నాడు ఎక్స్‌పర్టు.

"నేను పెద్దవాణ్ణి కదండీ. నాకు చూస్తేనే గానీ తెలీదు."

నత్త డిజైనర్ అమ్మాయి బల్ల ముందు కూర్చుని, సర్వర్‌లోని చేతి ఫోల్డర్ని మౌసుతో పట్టుకుని పెన్ డ్రైవ్ మీదికి లాగి వదిలాడు. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో ఆకుపచ్చ గీత ఒకటి బయల్దేరింది. దాని కింద ఐదు నిమిషాలు మిగిలి ఉందని చూపించింది.

"ఐదు నిమిషాలు," అని ఎక్స్‌పర్టు చప్పట్లు కొట్టాడు. "ఇరవై నిమిషాల్లో నాలుగు సార్లు దొంగతనం చేసేది. సెలవా మరి?"

"కూర్చోండి. అది దాని అంచనా. మనింటికి బయల్దేరిన బంధువు కూడా ఐదు నిమిషాల్లో వస్తున్నాననే అంటాడు."

ఆకుపచ్చ గీత చటుక్కున ముందుకురికి, అంతలోనే నీరసించింది. ఐదు నిమిషాలు పన్నెండయింది. పన్నెండు కాస్తా నలభై అయింది. నలభై కాస్తా గంట దాటింది. యజమాని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇదేంటి, వెనక్కి నడుస్తోంది?"

డిజైనర్ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "మన ఫోల్డర్ అంతే సార్. వేల మంది చేతుల కొలతలున్నాయి అందులో. ఒక్కో వేలి కీలుకీ ఒక్కో చిన్న ఫైలు. ఒక పెద్ద బండరాయైతే ఒకేసారి దొర్లించొచ్చు. బస్తాడు ఆవగింజల్ని ఒక్కోటీ ఏరి, పేరు రాసి, అవతల పెట్టాలంటే ఎంతసేపు పడుతుంది? మొదట్లో ఆ ఫైళ్ళు పెట్టినప్పుడు నేనే రెండు పూటలు కూర్చున్నాను."

ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో గానీ, గడిచేసరికి ఆకుపచ్చ గీత పెట్టెలో పావు వంతు కూడా దాటలేదు. ఎక్స్‌పర్టు మెడ దగ్గర గుండీ సవరించుకున్నాడు.

"ఇవాళ నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంది," అన్నాడు.

"ఉండొచ్చు. ఆరు వారాల కిందట వాయువేగంతో నడిచిందని మీరు కోర్టులో చెప్పగలరా?"

"ఇదొక్కటే సాక్ష్యమైతే నవ్విపోతారు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. మీరిలా కూర్చుంటే దొంగ ఇంటికెళ్ళి నిద్రపోతుంది."

"సరే, గీత నడుస్తూ ఉంటుంది. ఈలోగా మీ పెన్ డ్రైవ్‌లో ఏముందో ఒక్కసారి చూపించండి."

ఎక్స్‌పర్టు తన లాప్‌టాప్‌కి తగిలించిన అసలు పెన్ డ్రైవ్ తెరిచాడు. ఎవరి చెయ్యి తగిలినా లోపల ఒక్క అక్షరం కూడా మారకుండా దానికి తాళం వేసి ఉంచాడు. ఆ విషయంలో మాత్రం పనిమంతుడే. మొదట ఒక ఫొటో కనిపించింది. అత్తగారు, కెమెరాని మందలిస్తున్నట్టు ముఖం పెట్టి. యజమాని తల దించుకున్నాడు. ఆ కింద చేతి ఫోల్డర్.

నత్త రెండు తెరల్నీ పక్కపక్కన పెట్టించాడు. ఇటు సర్వర్‌లో ఉన్న ఫోల్డర్, అటు పెన్ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్. పేర్లన్నీ వేలితో ఒక్కొక్కటే చదువుకుంటూ కిందికి దిగాడు. ఎక్స్‌పర్టు రెండు సార్లు ఆవులించాడు. నత్త వేలు ఒకచోట ఆగింది.

"ఇటు లేదు, అటు ఉంది. ఏంటమ్మా ఇది? ఫైనల్ బొటనవేలు?"

ఆ అమ్మాయి వంగి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది... ఇది ఇందులో ఎలా ఉంది? దీన్ని నేనే తీసేశానండీ. ఆ శుక్రవారానికి ముందే, ఓ రెండు వారాల ముందు. పరీక్షలో పోయింది ఆ బొటనవేలు. ఫైనల్ అని పేరు పెట్టుకున్నాను గానీ పనికిరాలేదు. కొత్తది గీశాక, గందరగోళంగా ఉంటుందని పాతది సర్వర్లోంచి డిలీట్ చేసేశాను."

"తన కంప్యూటర్లో దాచుకుని ఉంటుంది," అన్నాడు ఎక్స్‌పర్టు వెంటనే.

"నిన్న ఆ కంప్యూటర్ అణువణువూ గాలించి, ఒక్క డిజైన్ ఫైలు కూడా లేదని చెప్పింది ఎవరండీ?"

ఎక్స్‌పర్టు లాప్‌టాప్ వైపు తిరిగాడు. చెప్పింది తనే మరి.

నత్త లేచి నిలబడ్డాడు. మామూలుగా పక్కవాడికి కూడా వినపడకుండా మాట్లాడే మనిషి, గది నాలుగు మూలలకీ వినపడేలా గొంతు పెంచాడు. "అంటే ఆ పెన్ డ్రైవ్ ఈ కంప్యూటర్ నుంచి నిండలేదు. సర్వర్లో లేని ఫోల్డర్ సర్వర్ నుంచి రాదు. ఫైనల్ బొటనవేలు అనే ఈ ఫోల్డర్ ఇంకెక్కడైనా దొరికిందా, దొంగ అక్కడున్నట్టే. ముందు ఈ కాపీ పూర్తి కానివ్వండి. తర్వాత ఆఫీసులో ఉన్న కంప్యూటర్లు, డిస్కులు అన్నీ ఒక్కొక్కటే వెతుకుదాం. నాకు తొందరేం లేదు."

మళ్ళీ కూర్చుని ఆకుపచ్చ గీత వంక చూస్తూ ఉండిపోయాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

రెండు నిమిషాలయ్యాక చిన్న సార్ ఫోన్ తీసి చూసుకున్నాడు. "పార్టీ ఫోన్. మాట్లాడొస్తాను," అంటూ బయటికి వెళ్ళాడు. ఫోన్ మోగినట్టు గదిలో ఎవరికీ వినపడలేదు. నత్త తల తిప్పలేదు.

"మీరిక్కడ కూర్చుని గీతలు లెక్కపెడుతుంటే అసలు పనెవరు చేస్తారు?" ఎక్స్‌పర్టుకి సహనం పోయింది. "వెతకాల్సింది ఇప్పుడు కదా?"

"ఇప్పుడే వెతికితే దొరకదండీ."

"తర్వాతైతే దొరుకుతుందా?"

"తర్వాతైతే ఇంకా బాగా దొరుకుతుంది."

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని ఎక్స్‌పర్టు యజమానితో గుసగుసలాడాడు. యజమాని నవ్వలేదు. ఆయన కళ్ళు గడియారానికీ, ఆ అమ్మాయి ముఖానికీ మధ్య తిరుగుతున్నాయి. ఐదింటికి ఇంకా ఎంతో సేపు లేదు.

పావుగంటకి చిన్న సార్ తిరిగొచ్చాడు. ముఖం కడుక్కున్నట్టున్నాడు, నవ్వు మళ్ళీ మెరుస్తోంది. చేతిలో తోలు సంచి. "అన్నయ్యా, నేను ఇంటికి బయల్దేరుతున్నా. డిస్కు రోజు కదా. నువ్వు ఐదింటికి ఫోన్ చేసెయ్. జాలిపడకు."

"వెళ్ళొస్తారా చిన్న సార్?" అన్నాడు నత్త మర్యాదగా.

అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయాక కూడా కాసేపు ఆగాడు. తర్వాత లేచాడు. అతను అంత వేగంగా లేవగలడని అక్కడెవరూ అనుకోలేదు. "పదండి," అన్నాడు.

రిసెప్షన్‌లో చిన్న సార్ కుర్చీ ముందు ఒంగి నిలబడి ఉన్నాడు. అతని మణికట్టు అత్తగారి గుప్పిట్లో ఉంది. తోలు సంచి ఆవిడ ఒళ్ళో ఉంది. పక్కన ఖాళీ నీళ్ళ గ్లాసు.

"అదుగో, వచ్చావా నాయనా," అంది ఆవిడ నత్తతో. "కళ్ళు తిరుగుతున్నాయి బాబూ అంటే పాపం సంచి ఇక్కడ పెట్టి మంచినీళ్ళు తెచ్చాడు. మంచి పిల్లాడు. మోకాలి నొప్పి సంగతి చెబుతున్నాను. ఇప్పుడే మూడో డాక్టరు దాకా వచ్చాం."

"ఈ ముసలావిణ్ణి నా చెయ్యి వదలమను అన్నయ్యా, నాకు టైమవుతోంది," అన్నాడు చిన్న సార్. నవ్వు ఇంకా ఉంది గానీ అంచులు జారుతున్నాయి.

"సంచి ఎవరూ తెరవకుండా చూశారా అమ్మా?" అడిగాడు నత్త.

"నా ఒళ్ళో ఉన్నదాన్ని మా ఆయనే ముట్టుకోడు."

సంచితో సహా అందరూ చిన్న సార్ గదికి వెళ్ళారు. ఎక్స్‌పర్టు పైనుంచి తన లాప్‌టాప్, పరికరాల పెట్టె తెప్పించుకున్నాడు. గాజు బల్ల, దాని మీద ఒక కంప్యూటర్, గోడకి అమ్మకాల పటం. నత్త కుర్చీ సీటు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది. కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఫోన్ మాట్లాడడానికి వెళ్ళిన మనిషి కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఎందుకు తెరిచాడో అతను అడగలేదు.

"ఎక్స్‌పర్టుగారూ, మీరే తగిలించండి. నా చెయ్యి పడితే మళ్ళీ నేనే ఏదో మాయ చేశానంటారు."

డిస్కు తగిలింది. చేతి ఫోల్డర్ తెరుచుకుంది. నత్త పేర్లన్నీ మళ్ళీ పైనుంచి కిందికి చదివాడు. ఫైనల్ బొటనవేలు లేదు.

చిన్న సార్ ఊపిరి వదిలాడు. ఎక్స్‌పర్టు ముఖం వెలిగిపోయింది. "చూశారా. ఇక్కడా లేదు. మీ సిద్ధాంతం గాలికి పోయింది నత్తగారూ."

"సార్, ఒక్క మాట," అని నత్త యజమాని వైపు తిరిగాడు. "శుక్రవారం కాపీ చేసేటప్పుడు డిస్కులో పాతవి తీసేస్తారా?"

"లేదు. కొత్తవి దాని మీద చేరుస్తాం. పాతవి తియ్యం. ఎప్పుడేది కావాల్సొస్తుందో అని..." యజమాని సగంలో ఆగిపోయాడు. "అంటే ఈ అమ్మాయి సర్వర్లో తీసేసినా డిస్కులో..."

"డిస్కులో ఉండాలి. ఉండాల్సింది లేదు. ఎక్స్‌పర్టుగారూ, ఆ తెర మీద మూలన చెత్తబుట్ట బొమ్మ ఉంది చూడండి. రీసైకిల్ బిన్. కాస్త తెరవండి."

"అందులో ఏముంటుంది? బయటి డిస్కులో డిలీట్ చేస్తే..." ఎక్స్‌పర్టు మాట మధ్యలోనే మింగేశాడు. పనిమంతుడే గనక అతనికి ఆ క్షణంలోనే అర్థమైంది. మౌసు మీది వేలు ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నొక్కాడు.

చెత్తబుట్టలో ఒకే ఒక్క ఫోల్డర్ ఉంది. ఫైనల్ బొటనవేలు. ఎక్కడి నుంచి తీసేశారంటే, ఈ డిస్కులోంచి. ఎప్పుడు తీసేశారంటే, ఇవాళ, పావుగంట కిందట.



"పెన్ డ్రైవ్‌లతో బతికే మనిషికి అదే అలవాటవుతుంది," అన్నాడు నత్త చాలా మృదువుగా. "పెన్ డ్రైవ్‌లో డిలీట్ కొడితే ఫైలు పోయినట్టే. చెత్తబుట్టలోకి కూడా రాదు. ఇలాంటి పెద్ద డిస్కు అలా కాదు, పారేసినదాన్ని కూడా కొన్నాళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. అది మీకు తెలీదు."

"చోటు చాలక చెత్త తీసేశాను," అన్నాడు చిన్న సార్. "అది కూడా నేరమేనా?"

"ఇన్ని వేల ఫైళ్ళలో ఆ ఒక్కటే చెత్తగా కనిపించిందా? అదీ ఇవాళే? నేను పైగదిలో ఆ పేరు పలికిన కాసేపటికే? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. నేను డిస్కు గురించి ఒక్క మాట కూడా విడిగా అడగలేదు. మీరే పరిగెత్తుకెళ్ళి చూపించారు."

యజమాని కుర్చీలో కూలబడ్డాడు. ఎక్స్‌పర్టు అప్పటికే తన లాప్‌టాప్ ముందుకు లాక్కుని పెన్ డ్రైవ్‌లో ఏదో వెతుకుతున్నాడు. నత్త అతన్ని చెయ్యమని చెప్పలేదు. తనంతట తనే మొదలుపెట్టాడు.

"నేను మార్పు తేదీ మాత్రమే చూశాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఫైలు ఎక్కడికి కాపీ అయినా అది పాత తేదీయే చూపిస్తుంది. ఈ పెన్ డ్రైవ్‌లోకి ఎప్పుడొచ్చి పడిందో వేరే చోట ఉంటుంది. అది చూడలేదు. చూసి ఉండాల్సింది." తెర అందరి వైపూ తిప్పాడు. "అత్తగారి ఫొటో శుక్రవారానికి ముందే పడింది. చేతి ఫోల్డర్ మాత్రం ఆ శుక్రవారం తర్వాతి ఆదివారం. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం దాకా పడుతూనే ఉంది."

"ఆదివారం ఆఫీసు తెరవం," అన్నాడు యజమాని. ఆయన గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. "ఆ ఆదివారం నేనూ మీ వదినా పెళ్ళికి వెళ్ళాం తమ్ముడూ. ఇంట్లో నువ్వొక్కడివే ఉన్నావు. డిస్కూ నీ గదిలోనే ఉంది."

చిన్న సార్ నోటి నుంచి ఎప్పుడూ చెరగని నవ్వు చెరిగిపోయింది. "మూడేళ్ళూ నన్ను అమ్మకాల కుర్రాడిలాగే చూశావు. ఒక్క డిజైన్ కాగితం మీదైనా నా పేరుందా? వాళ్ళు నన్ను భాగస్వామిని చేస్తామన్నారు."

"అందుకని ఆ అమ్మాయి సొరుగులోంచి దాని పెన్ డ్రైవే తీసుకున్నావు. పని కాగానే మళ్ళీ అందులోనే పెట్టావు, పట్టుబడితే దాని మెడకి తగిలించడానికి," అన్నాడు యజమాని.

చిన్న సార్ నేల చూపులు చూస్తూ కుక్కిన పేనులా నిలబడ్డాడు. యజమాని ఫోన్ తీసుకుని, ఐదు కొట్టడానికి ముందే, తానే పోలీసులకి చేశాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు ఫోన్ పెట్టేసి.

"ఆయనకి చెత్తబుట్ట వెతికే అలవాటు లేదేమోనండీ," అన్నాడు నత్త.

ఆ అమ్మాయి డిస్కు వైపు చెయ్యి చాపింది. "ఈ ఫోల్డర్ వెనక్కి తెప్పించనా?"

"ఎవరూ ముట్టుకోకండి," అని ఎక్స్‌పర్టు గబుక్కున అడ్డం వచ్చాడు. "ఇది సాక్ష్యం. ముందు ఈ డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు నకలు తీయాలి. ఒక్క ఫైలు కదిలినా కోర్టులో నిలబడదు."

నత్త మనస్ఫూర్తిగా తలవంచాడు. "చూశారా, ఇదీ ఎక్స్‌పర్టు చేయాల్సిన పని. కానివ్వండి."

ఎక్స్‌పర్టు తన పెట్టెలోంచి పెద్ద డ్రైవ్ తీసి తగిలించి నకలు మొదలుపెట్టాడు. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. ఆకుపచ్చ గీత బయల్దేరింది. ఐదు నిమిషాలు మిగిలి ఉంది. ఎక్స్‌పర్టు దాన్ని చూశాడు, నత్తను చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

యజమాని తన జేబులోంచి, పొద్దున్న తీయించిన తలుపు కార్డు బయటికి తీశాడు. సిబ్బంది చేత ఇప్పించొచ్చు. ఆయన తానే లేచి వెళ్ళి, రెండు చేతులతో ఆ అమ్మాయికి అందించాడు.

"క్షమించమ్మా. ఒక్క మాట నిన్ను అడగకుండా నమ్మేశాను."

ఆ అమ్మాయి కార్డు మెడలో వేసుకుంది. అప్పుడు మొదటిసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తగారు కొంగుతో కోడలి ముఖం తుడుస్తూ, "ఏడవకే, ముక్కు ఎర్రబడితే ఫొటోలో నాకన్నా ఘోరంగా ఉంటావు," అంది.

"సార్, ఒకటి అడగనా?" అంది అమ్మాయి ముక్కు ఎగబీలుస్తూ. "నన్ను దొంగన్నారు గానీ దొంగసొత్తు ఏదో ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. ఆ కరపత్రం ఇస్తారా?"

నత్త వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్న మాట అదే. తన జేబులోంచి కరపత్రం తీసి ఇచ్చాడు. రంగుల కాగితం మీద మిలమిలలాడే కృత్రిమ చెయ్యి ఒక గాజు గ్లాసుని పట్టుకుని ఉంది. ఆ అమ్మాయి దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళింది. బొటనవేలి దగ్గర కళ్ళు చిట్లించి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు ఇంకా చెంపల మీదే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు.

"ఏమైందే?" అంది అత్తగారు కంగారుగా.

"అత్తయ్యా, ఇది నా పాత బొటనవేలు. అడుగున ఈ రెండు మర మేకులు చూడండి. కొత్తదానికి ఒకటే మర. పెన్ డ్రైవ్‌లో రెండూ ఉన్నాయి. పనికొచ్చేదాని పేరు ట్రయల్ ఏడు. ఆఖరి నిమిషం దాకా మారుస్తూ ఉంటానని నేను దానికి ఇంకా ఫైనల్ అని పేరు పెట్టలేదు. వీళ్ళు ఫైనల్ అని కనిపించగానే అదే తీసుకుని అచ్చు పోసేశారు."

యజమాని నోరు తెరుచుకుని చూశాడు. నేల చూపులు చూస్తున్న చిన్న సార్ కూడా తలెత్తాడు.

"రేపు పొద్దున్న వాళ్ళు పత్రికలవాళ్ళని పిలిచారు," అన్నాడు యజమాని. "అందరి ముందూ ఆ చేత్తో గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగిస్తారట."

"పట్టుకుంటుంది సార్. చాలా అందంగా పట్టుకుంటుంది. కాస్త వేడెక్కగానే ఆ రెండో మర వదులవుతుంది. బొటనవేలు బయటికి తిరుగుతుంది, గ్లాసు జారుతుంది. మా పరీక్షల్లో ఒక్కసారి కూడా తప్పలేదు."

"ఎంతసేపట్లో?" నత్త అడిగాడు.

ఆ అమ్మాయి ఆలోచించింది. "ఐదు నిమిషాలు."

ఎక్స్‌పర్టు తెర వైపు నుంచి తల తిప్పకుండానే, "ఇక్కడ ఆ ఐదు నిమిషాలు రెండు గంటలైంది," అన్నాడు.